ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు: ఆలస్యం చేర్చకుండా మౌస్‌ను దారికి తేవడం

ఫోల్డర్ మీద ఒక్కసారి నొక్కితే తెరుచుకుంటుంది. ఫైల్‌ను పట్టుకుని లాగుతుంటే సగం దారిలో పక్క ఫోల్డర్‌లో జారిపడుతుంది. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ మూయబోతే రెండు పోతాయి. ఏడాదో రెండేళ్లో బాగా వాడిన మౌస్ ఎడమ బటన్‌కు వచ్చే జబ్బు ఇది. చాలామంది వెంటనే డీబౌన్స్ టైమ్‌ను, అంటే బటన్ సంకేతం నిలకడపడేదాకా మౌస్ ఆగే సమయాన్ని, పెంచేస్తారు. డబుల్ క్లిక్ ఆగుతుంది. కానీ కొన్ని మౌస్‌లలో ఆ పెంచిన 10, 15 మిల్లీసెకన్లు ప్రతి నొక్కుకూ తోడవుతాయి. ఆటలు ఆడేవాళ్లకు ఈ బేరం గిట్టదు. నొక్కును ఒక్క మిల్లీసెకను కూడా ఆపకుండా ఈ జబ్బు కుదిర్చే దారులున్నాయి.

లోపల జరుగుతున్నది

మౌస్ బటన్ కింద ఉండేది 12.8 × 5.8 × 6.5 మిల్లీమీటర్ల చిన్న పెట్టె, మైక్రోస్విచ్. అందులో ఒక సన్నని స్ప్రింగు రేకు ఉంటుంది. దాని కొసన ఉన్న చుక్కంత కాంటాక్టు, నొక్కనప్పుడు ఒక గట్టును, నొక్కినప్పుడు టక్కున ఎగిరి రెండో గట్టును తాకుతుంది. కాళ్లు మూడు. రేకుకు కలిసినది కామన్. నొక్కనప్పుడు దానితో కలిసి ఉండేది ఎన్‌సి, నొక్కినప్పుడు కలిసేది ఎన్‌ఓ. చాలా మౌస్‌లు కామన్, ఎన్‌ఓలను మాత్రమే వాడుకుంటాయి. ఎన్‌సి కాలు బోర్డులో ఊరికే దిగి ఉంటుంది. ఈ ఊరికే ఉన్న కాలుతో చివర్లో పని పడుతుంది.

రేకు గట్టుకు తగిలినప్పుడు నేల మీద పడిన గోలీలా రెండు మూడుసార్లు గెంతుతుంది. కొత్త స్విచ్‌లో ఈ గెంతులు కొద్ది మిల్లీసెకన్లలోనే సద్దుమణుగుతాయి, వాటిని మౌస్ చిప్ పట్టించుకోదు. పాతబడ్డాక రేకు పట్టు సడలుతుంది, కాంటాక్టు మీద పొర కడుతుంది. మౌస్‌లో స్విచ్ గుండా పారే కరెంటు మిల్లీఆంప్‌లో ఏ కొంతో. ఆ పొరను చీల్చుకుని పోయే శక్తి దానికి లేదు. దాంతో వేలు బటన్ మీద ఉండగానే కనెక్షన్ తెగి మళ్లీ కలుస్తుంది. చిప్‌కు అది రెండో నొక్కులా కనిపిస్తుంది. వేలిని మెల్లగా ఎత్తేటప్పుడు, తేలిగ్గా ఆనించి ఉంచినప్పుడు ఇది ఎక్కువ, ఎందుకంటే అప్పుడు గట్టు మీద రేకు ఒత్తిడి తక్కువ.

ఇక్కడ గమనించాల్సిన మాట ఒక్కటే. నొక్కనప్పుడు కాంటాక్టు గాల్లో తేలి తనంతట తాను తగలదు. కాబట్టి మొదటి తాకిడి ఎప్పుడూ నిజమైన నొక్కే. దాన్ని అనుమానించి ఆగాల్సిన పనే లేదు. అనుమానించాల్సింది విడుపును. స్విచ్ తెరుచుకుందని కనిపించినప్పుడు నిజంగా వేలు లేచిందా, రేకు గెంతిందా అన్నదే ప్రశ్న. కింద చెప్పిన పద్ధతులన్నీ దీని మీదే నిలబడతాయి.

ముందు రోగం ఖాయం చేసుకోండి

మౌస్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. విండోస్ ఫోల్డర్ ఆప్షన్లలో ఒకే క్లిక్‌తో తెరిచే సెట్టింగ్ ఎవరైనా పెట్టారేమో చూడండి. నవ్వొస్తుంది గానీ, మౌస్ విప్పాక ఇది బయటపడితే నవ్వు రాదు. తర్వాత సెట్టింగ్స్‌లో కుడి, ఎడమ బటన్లను తారుమారు చేయండి. డబుల్ క్లిక్ ఆ భౌతిక బటన్‌తోనే ఉండిపోతే తప్పు స్విచ్‌దే.

ఇప్పుడు లెక్క. ఇంటర్నెట్‌లో డబుల్ క్లిక్ పరీక్ష పేజీలు చాలా ఉన్నాయి, మిల్లీసెకన్లు చూపించేదాన్ని ఎంచుకోండి. బటన్‌ను మెల్లగా నొక్కి మెల్లగా వదులుతూ 100 సార్లు చేయండి. చూడాల్సింది ఒక విడుపుకూ తర్వాతి నొక్కుకూ మధ్య వ్యవధి. మనిషి వేలు ఎంత వేగంగా ఆడినా అది సాధారణంగా 40 మిల్లీసెకన్లకు దిగదు. 30 కన్నా తక్కువ కనిపిస్తే అది రేకు చేసిన పని. ఆ అంకెల్లో అన్నిటికన్నా పెద్దది రాసిపెట్టుకోండి, ముందుముందు అవసరం. లినక్స్‌లో అయితే మౌస్ ముడి సంకేతాలను చూపించే ఈవీటెస్ట్ వాడండి. లినక్స్‌లో మౌస్ సంకేతాలను చూసుకునే లిబ్‌ఇన్‌పుట్ సొంత డీబగ్ పనిముట్టులో వడపోత అయిపోయిన సంకేతాలు వస్తాయి, జబ్బు కనపడదు.

రెండో పరీక్ష: తెర మీద ఒక కిటికీని (విండోను) పట్టుకుని, వేలిని వీలైనంత తేలిగ్గా ఉంచి, అర నిమిషం గుండ్రంగా తిప్పండి. మధ్యలో జారితే మీది పట్టు వదిలే రకం. ఈ రెండు రకాలకూ మందు ఒకటి కాదు.

పనికిరాని చిట్కాలు రెండు. విండోస్‌లో డబుల్ క్లిక్ వేగం మార్చడం: అక్కడ మామూలుగా ఉండేది 500 మిల్లీసెకన్లు. ఎంత తగ్గించినా రేకు గెంతు అంతకన్నా వేగం, కాబట్టి తేడా రాదు. రెండోది పోలింగ్‌ను, అంటే మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు కబురు పంపాలన్నదాన్ని, 1000 హెర్ట్జ్ నుంచి 125కు దించడం. 8 మిల్లీసెకన్లకోసారి మాత్రమే కబురు పంపుతుంది గనుక చిన్న గెంతులు కొన్ని కనపడకుండా పోతాయి, నిజమే. కానీ ఆలస్యం వద్దనే కదా ఇదంతా.

సాఫ్ట్‌వేర్‌తో

పద్ధతులు రెండు. మొదటిది తాళం పద్ధతి: నొక్కును, విడుపును వచ్చినవి వచ్చినట్టే పంపి, విడుపు తర్వాత 30 మిల్లీసెకన్ల లోపు వచ్చే నొక్కును, దాని జంట విడుపును మింగేయడం. ఆలస్యం సున్నా. కానీ పట్టు వదిలే జబ్బుకు ఇది పనిచేయదు. తప్పుడు విడుపు అప్పటికే దాటిపోయి ఉంటుంది, తర్వాత వచ్చే నొక్కును మింగితే ఫైల్ అక్కడే పడిపోతుంది.

రెండోది విడుపును ఆపి చూసే పద్ధతి. నొక్కును వెంటనే పంపాలి. విడుపు వస్తే 15 నుంచి 25 మిల్లీసెకన్లు ఆగాలి. ఆ లోపు మళ్లీ నొక్కు వస్తే రెండింటినీ కొట్టేయాలి. ఆటల్లో తూటా నొక్కినప్పుడే పేలుతుంది, అక్కడ ఆలస్యమేమీ ఉండదు. బ్రౌజర్‌లో లింకులు, డైలాగ్‌లలో బటన్లు మాత్రం సాధారణంగా వదిలినప్పుడు పనిచేస్తాయి. అక్కడ ఆ 20 మిల్లీసెకన్లు చేరతాయి. మెయిల్ తెరవడానికి 20 మిల్లీసెకన్లు ఆలస్యమైందని బాధపడేవాళ్లు తక్కువే.

లినక్స్‌లో లిబ్‌ఇన్‌పుట్ ఈ రెండింటినీ తెలివిగా కలిపింది. మామూలుగా తాళం పద్ధతిలోనే ఉండి 25 మిల్లీసెకన్ల లోపు వచ్చే అదనపు మార్పులను తీసేస్తుంది. మౌస్ పట్టు వదులుతోందని పసిగట్టాకే విడుపును 12 మిల్లీసెకన్లు ఆపడం మొదలుపెడుతుంది.

విండోస్‌లో ఈ తర్కాన్ని ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రాంలో స్క్రిప్టుగా రాసుకోవచ్చు. దొరికిన స్క్రిప్టు తెచ్చుకుంటే అది పైన చెప్పిన రెండింటిలో ఏదో చదివి చూసుకోండి, చాలావరకు తాళం పద్ధతివే. స్క్రిప్టును అడ్మినిస్ట్రేటర్‌గా నడపకపోతే, అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచిన కిటికీల మీద పనిచేయదు. కొన్ని ఆటల యాంటీ-చీట్ ఇలాంటి స్క్రిప్టులను ఒప్పుకోదు, అకౌంటు మీదికి తెచ్చుకోకండి.

మౌస్ సొంత సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ స్లైడర్ ఉంటే అది నొక్కును ఆపుతోందా, విడుపును ఆపుతోందా అన్నది పెట్టె మీద రాసి ఉండదు. తేల్చుకోవడం సులువే. రెండో మౌస్ ఒకటి తెచ్చి, రెండింటి ఎడమ బటన్లను ముక్కూ ముక్కూ ఆనించి ఒకదానితో ఒకటి నొక్కించండి. ఏది ఎప్పుడు వచ్చిందో ఈవీటెస్ట్ లాంటి దానిలో చూసి, 50 నొక్కుల సగటు తేడా తీయండి. తర్వాత స్లైడర్‌ను కనిష్ఠం నుంచి గరిష్ఠానికి మార్చి మళ్లీ 50. సగటు కదలకపోతే ఆ స్లైడర్‌ను నిశ్చింతగా పెంచుకోండి. అంతే మేర కదిలితే దాన్ని ముట్టుకోకండి. సొంతంగా ఫర్మ్‌వేర్ (మౌస్ చిప్‌లో నడిచే ప్రోగ్రాం) ఎక్కించుకునే వీలున్న మౌస్ అయితే క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్‌లో నొక్కును వెంటనే పంపి విడుపును ఆపే డీబౌన్స్ రకం సిద్ధంగానే ఉంది. మామూలుగా ఉండేది మాత్రం అది కాదు, మీరే మార్చాలి.

స్విచ్ మార్చడం

వారంటీ ఉంటే ముందు అది వాడుకోండి. విప్పాల్సి వస్తే స్క్రూలు చాలావరకు అడుగున జారే టెఫ్లాన్ ప్యాడ్ల కింద దాగి ఉంటాయి. హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడిచేసి పల్చని బ్లేడుతో లేపండి. పై డొప్పను ఒక్కసారిగా లాగకండి, లోపల రిబ్బన్ కేబుల్ ఉండొచ్చు. వైర్‌లెస్ అయితే మొదట బ్యాటరీ కనెక్టర్ తీసేయండి.

శుభ్రం చేస్తే చాలదా? కాంటాక్ట్ క్లీనర్‌ను స్విచ్ పైనున్న బొడిపె పక్కన ఒక చుక్క వేసి 50 సార్లు నొక్కితే కొన్ని రోజులు బాగుంటుంది. సడలిన రేకు మాత్రం బిగుసుకోదు. స్విచ్ డొప్ప ఊడదీసి రేకును వంచి బిగించేవాళ్లు ఉన్నారు. గోరంత కూడా లేని రేకును, దాని నాలుకను గాడిలో తిరిగి కూర్చోబెట్టడానికి గంట పడుతుంది, ఎన్నాళ్లు నిలుస్తుందో భరోసా లేదు. కొత్త స్విచ్ పదుల రూపాయల్లో వచ్చేదానికి అంత కష్టం అనవసరం.

కొత్త స్విచ్‌ల్లో ఓమ్రాన్, కైల్, టీటీసీ, హువానో అన్నవి ఈ సైజులో మామూలుగా దొరికేవి. ఓమ్రాన్‌లో డి2ఎఫ్‌సి-ఎఫ్-7ఎన్ చాలా మౌస్‌లలో కంపెనీ వేసి ఇచ్చేదే. సముద్రం పక్కన, విశాఖ, కాకినాడ లాంటి చోట ఉండేవాళ్లు బంగారు పూత కాంటాక్టున్న రకం ఎంచుకుంటే మేలు. తేమలో పొర కట్టడం దానికి తక్కువ. హైదరాబాద్‌లో విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. పాత మౌస్‌లలో అంతగా వాడని కుడి బటన్ స్విచ్‌లను ఊడదీసి కొత్తవంటూ అమ్మేవి కూడా ఉంటాయి. కాళ్ల మీద సోల్డర్ మరకలుంటే వద్దనండి.

సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దగ్గర పెట్టండి. ముందుగా మూడు కాళ్ల మీదా కొత్త లెడ్ సోల్డర్ కొంచెం కొంచెం వేయండి. బోర్డు మీద లెడ్ లేని సోల్డర్ ఉంటే ఊరికే కరగదు, కొత్తది కలిస్తే దిగుతుంది. ఫ్లక్స్ రాసి, పంపుతో పీల్చి, మిగిలినది విక్‌తో (సోల్డర్ పీల్చే రాగి అల్లికతో) తీయండి. ఒక్కో కాలి మీద మూడు సెకన్లకు మించి ఐరన్ ఉంచకండి. స్విచ్ కదలకపోతే బలవంతంగా లాగకుండా మళ్లీ లెడ్ వేసి మొదలుపెట్టండి. లాగితే రాగి ప్యాడ్ ఊడి స్విచ్‌తో పాటు వస్తుంది, ఈ పనిలో ఎక్కువగా జరిగే నష్టం ఇదే. కొత్తది తిరగబడకుండా బొడిపె పాతది ఉన్న వైపే ఉండేలా, బోర్డుకు పూర్తిగా ఆని ఉండేలా కూర్చోబెట్టండి. అర మిల్లీమీటరు లేచి ఉన్నా, బొడిపెను నొక్కే పై డొప్ప నాలుక దాన్ని ఎప్పుడూ కొంచెం నొక్కే ఉంచుతుంది. అప్పుడు రేకు పూర్తిగా వెనక్కి రాదు, కొత్త స్విచ్ కూడా మొదటి రోజే డబుల్ క్లిక్ ఇస్తుంది. బటన్ వదులుగా ఉందని నాలుక కింద టేపు ముక్కలు అంటించేవాళ్లకూ ఇదే గతి పడుతుంది. అంటించాల్సి వస్తే ఒక పొరే చాలు.

కెపాసిటర్: సులువైన ఉపాయం

స్విచ్ మార్చినా మళ్లీ ఏడాదికి ఇదే గోల కాకూడదంటే కామన్, ఎన్‌ఓ కాళ్ల మధ్య ఒక కెపాసిటర్ వేయొచ్చు. స్విచ్ కలిసిన క్షణంలోనే మౌస్ చిప్ పిన్ గ్రౌండ్‌కు, అంటే సున్నా వోల్టులకు, దిగిపోతుంది, కాబట్టి నొక్కుకు ఆలస్యం లేదు. తెరుచుకున్నప్పుడు మాత్రం కెపాసిటర్, పిన్‌ను పాజిటివ్ వైపు లాగి ఉంచే పుల్-అప్ రెసిస్టర్ గుండా మెల్లగా నిండాలి. రేకు గెంతిన ఆ కాసేపూ చిప్‌కు బటన్ నొక్కే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఎంత విలువ? పుల్-అప్ 10 కిలోఓమ్‌లు, కెపాసిటర్ 1 మైక్రోఫారడ్ అయితే పిన్ సగానికి లేవడానికి సుమారు 7 మిల్లీసెకన్లు. 0.1 మైక్రోఫారడ్ అయితే 0.7. పాతబడ్డ స్విచ్‌కు ఇది చాలదు. పుల్-అప్ చిప్ లోపలే ఉండి విలువ తెలియకపోతే కొలవండి: మౌస్ ఆన్‌లో ఉంచి, మల్టీమీటర్‌ను మైక్రోఆంప్ రేంజ్‌లో పెట్టి స్విచ్ రెండు కాళ్ల మధ్య ఆనించండి. 3.3 వోల్టుల మౌస్‌లో 80 మైక్రోఆంప్‌లు చూపిస్తే పుల్-అప్ సుమారు 41 కిలోఓమ్‌లు. దానికి 0.22 నుంచి 0.47 మైక్రోఫారడ్ సరిపోతుంది. మీరు రాసిపెట్టుకున్న పెద్ద అంకెను చూసుకుని దానికి కాస్త పైకి వచ్చేలా ఎంచుకోండి.

కెపాసిటర్‌తో వరుసగా 100 ఓమ్‌ల రెసిస్టర్ తప్పక వేయండి. లేకపోతే నొక్కిన ప్రతిసారీ కెపాసిటర్ మొత్తం ఒక్కసారిగా కాంటాక్టు గుండా ఖాళీ అయి, ఆ మెరుపు పూతను తినేస్తుంది. మల్టీమీటర్ అంకె నిలకడగా లేకపోయినా, మరీ చిన్నదిగా ఉన్నా ఈ ఉపాయం వదిలేయండి. కొన్ని వైర్‌లెస్ చిప్‌లు పుల్-అప్‌ను బటన్ చూసేటప్పుడు మాత్రమే క్షణంపాటు ఆన్ చేస్తాయి. ఆ కొద్దిసేపట్లో కెపాసిటర్ నిండదు, బటన్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే ఇరుక్కుంటుంది.

ఎన్‌సి కాలిని పనిలో పెట్టడం

అసలైన మందు ఇది. రేకు ఎన్‌ఓ గట్టు మీద ఎంత గెంతినా మొత్తం సందును దాటి ఎన్‌సి గట్టును తాకేంత గెంతదు. కాబట్టి ఎన్‌ఓను మొదటిసారి తాకగానే నొక్కినట్టు, ఎన్‌సిని మొదటిసారి తాకగానే వదిలినట్టు లెక్కేస్తే, మధ్యలో రేకు ఎన్ని చిందులేసినా పట్టదు. టైమర్ లేదు, ఆలస్యం రెండు వైపులా లేదు. వేలు తేలికై కనెక్షన్ తెగినా ఎన్‌సిని తాకే దాకా నొక్కి ఉన్నట్టే, కాబట్టి పట్టు జారడమూ పోతుంది.

దీనికి ఒక 74హెచ్‌సి00 చిప్ చాలు. అందులో నాలుగు నాండ్ గేట్లు (చిన్న లాజిక్ సర్క్యూట్లు) ఉంటాయి, రెండు బటన్లకు సరిపోతాయి. ముందు మల్టీమీటర్ బీప్ మోడ్‌లో ఏ కాలు ఏదో గుర్తించండి: నొక్కకుండా మోగే జంట కామన్, ఎన్‌సి, నొక్కితే మోగేది కామన్, ఎన్‌ఓ. రెండింటిలోనూ ఉన్నది కామన్. బోర్డు మీద కామన్ గ్రౌండ్‌కు వెళ్తోందని ఖాయం చేసుకోండి. పాజిటివ్‌కు వెళ్తుంటే ఈ సర్క్యూట్ కాదు, 74హెచ్‌సి02తో తిరగేసి కట్టాలి.

ఎన్‌ఓ నుంచి మౌస్ చిప్‌కు పోయే ట్రాక్‌ను బ్లేడుతో కోయండి. ఎన్‌సి ప్యాడ్ ఎటూ కలవలేదని చూసుకోండి. కొన్ని బోర్డుల్లో దాన్ని గ్రౌండ్‌కో, ఎన్‌ఓకో కలిపేస్తారు. గ్రౌండ్‌కు కలిసి ఉండిపోతే బటన్ ఇక ఎప్పటికీ నొక్కినట్టు కనపడదు, తప్పు ఎక్కడో తెలియక తల పట్టుకుంటారు. తర్వాత వైరింగ్:

- ఎన్‌ఓను 1వ పిన్‌కు, ఎన్‌సిని 5వ పిన్‌కు
- 3ను 4కు, 6ను 2కు
- 6 నుంచి 1 కిలోఓమ్ గుండా మౌస్ చిప్ బటన్ పిన్‌కు
- 14కు 3.3 వోల్టులు, 7కు గ్రౌండ్, ఆ రెండింటి మధ్య 0.1 మైక్రోఫారడ్

రెండో బటన్‌కు ఎన్‌ఓ 9, ఎన్‌సి 13. 8ని 12కు, 11ను 10కు కలిపి, 11 నుంచి 1 కిలోఓమ్ గుండా తీసుకోండి. ఒక్క బటన్‌కే కడితే 9, 10, 12, 13 పిన్‌లను గ్రౌండ్‌కు కలిపేయండి, గాలికి వదలకండి.

ఎన్‌ఓ, ఎన్‌సి రెండింటికీ 3.3 వోల్టుల వైపు పుల్-అప్ కావాలి, కానీ ఒకే విలువ అక్కర్లేదు. ఎన్‌సి నొక్కనంతసేపూ మూసుకునే ఉంటుంది. అక్కడ 10 కిలోఓమ్‌లు వేస్తే బటన్‌కు 0.33 మిల్లీఆంప్ పగలూ రాత్రీ పారుతుంది, వైర్‌లెస్ బ్యాటరీకి ఇది భారమే. 100 కిలోఓమ్‌లు వేయండి, 33 మైక్రోఆంప్‌లతో పోతుంది. ఎన్‌ఓ వైపు నొక్కినప్పుడే కరెంటు పారుతుంది గనుక 2.2 లేదా 3.3 కిలోఓమ్‌లు వేయొచ్చు. మిల్లీఆంప్ దాకా పారి కాంటాక్టు మీది పొరను కూడా చీల్చుకుంటుంది.

చిప్‌ను కాళ్లు పైకి ఉండేలా తిరగేసి, డబుల్ సైడ్ టేపుతో ఖాళీ చోట అంటించి, సన్నని ఎనామిల్ వైరుతో కలపడం అన్నిటికన్నా తేలిక. డొప్ప మూసే ముందు బటన్ నాలుక, చక్రం ఇరుసు ఎక్కడా తగలట్లేదని చూసుకోండి.

కట్టాక డీబౌన్స్ స్లైడర్ ఉంటే సున్నాకో, అది ఒప్పుకునే కనిష్ఠానికో దించండి. స్లైడర్ లేని మౌస్‌లో ఫర్మ్‌వేర్ సొంతంగా నొక్కును ఆపే అలవాటుంటే ఆ ఆలస్యం ఈ చిప్‌తో పోదు, అలాగే ఉంటుంది. రేకు పూర్తిగా చచ్చి ఎన్‌సి గట్టు దాకా వెనక్కి రాలేని స్విచ్‌కు ఇది వేస్తే బటన్ నొక్కి ఉన్నట్టే నిలిచిపోతుంది, కాబట్టి కొత్త స్విచ్ మీదే కట్టండి. మొదట్లో చేసిన 100 నొక్కుల పరీక్ష, అర నిమిషం లాగుడు మళ్లీ చేయండి. 30 మిల్లీసెకన్ల లోపు అంకె ఒక్కటి కనిపించినా ఎన్‌సి వైపు సోల్డర్ అతుకునే ముందు అనుమానించండి.